నడిసముద్రంలో కొరివికారం డబ్బా

పల్నాడు వాళ్లకు సముద్రం ఏడాదికి ఒక్కరోజు ఉంటుంది. కార్తీక పౌర్ణమికి ట్రాక్టర్లు, ఆటోలు మాట్లాడుకొని సూర్యలంక వెళతాం. మోకాలి లోతు దిగి మూడు మునకలు వేస్తాం. చెప్పులు ఎక్కడ విడిచామో వెతుక్కుంటాం. చీకటి పడేలోపు ఇల్లు చేరతాం. మిగతా రోజులన్నీ మాకు నీళ్లంటే సాగర్ కుడి కాలువే. అది ఎప్పుడు వదులుతారు, వదిలితే చివరి భూములకు అందుతుందా, పై ఊరివాడు రాత్రికి రాత్రి తూము పగలగొట్టాడా అన్నవే మా జలచర్చలు. నరసరావుపేటలో ముప్పై ఏళ్లకు పైగా విలేకరిగా బతికాను. రాసినదాంట్లో సగం ఆ కాలువే. మిగతా సగం మిరప ధరలు, రోడ్డు ప్రమాదాలు, తలకాయలు పగిలిన ఎన్నికలు. ఉప్పునీళ్ల గురించి ఒక్క ముక్క రాసిన పాపాన పోలేదు.

అలాంటి నాకు ఒకరోజు గురజాల అవతలి ఊరి నుంచి ఫోన్ వచ్చింది. చేసింది ఒక బడి పంతులమ్మ. ఎప్పుడో వాళ్ల బడి గోడ గురించి రాస్తే గోడ లేచింది, అప్పటినుంచీ నా మీద ఆమెకు లేనిపోని నమ్మకం. తన ఆడబిడ్డ తెరచాప పడవ మీద ఒంటరిగా భూగోళం చుట్టి రావడానికి పోతోందని చెప్పింది. ఎవరితో పోతోందని అడిగాను. ఒంటరిగా అని ఇప్పుడే చెప్పాను గదా సార్ అంది. విన్నానుగానీ బుర్రకెక్కలేదు. మా వైపు ఆసుపత్రికి పోతే రోగికి తోడు ఆరుగురు పోతారు.

ఆ ఆడబిడ్డకు నలభై రెండేళ్లు. చిన్నప్పుడే తల్లీ తండ్రీ పోతే బాబాయి, పిన్ని, అంటే ఈ పంతులమ్మ అత్తమామలు, పెంచారు. చదువుకొని సరుకుల ఓడల్లో అధికారి అయింది. ఇరవై ఏళ్లు ఓడల మీద తిరిగి, ఆ ఉద్యోగం మానేసి, ఎవరో వాడిన చిన్న పడవ ఒకటి కొనుక్కుంది. ముప్పై రెండు అడుగుల పొడవు. మా వాళ్లకు అర్థమయ్యే భాషలో చెప్పాలంటే, ట్రక్కు తగిలించిన ట్రాక్టరంత. దాన్ని తనే విప్పి, తనే బిగించి, మూడేళ్లు దానితోనే కాపురం చేసింది. బయల్దేరే ముందు బాబాయినీ పిన్నినీ చూసిపోదామని మూడు రోజులకు ఊరికొచ్చింది. చూసిపోవడం అంత తేలిగ్గా ఎవరు కానిస్తారు?

నేను వెళ్లేసరికి బాబాయి ఇంటి ముందు షామియానా లేచి ఉంది. మాజీ సర్పంచి ఒకాయన సన్మానం పెట్టించాడు. ఆయనంటే పడని వర్గంవాళ్లు మరుసటి రోజు ఇంకో సన్మానం పెట్టించారు. రెండింటికీ కుర్చీలు ఒక్క సప్లయర్‌వే, శాలువాలు ఒక్క కొట్టువే, ఉపన్యాసాలు కూడా ఒక్కటే. పల్నాటి పౌరుషం ఏడు సముద్రాలు దాటబోతోందన్నారు. పౌరుషం కుర్చీలో కూర్చొని, మెడలో దండ బరువుకు తల వంచుకొని, ఎండకు కళ్లు చికిలించుకుంటూ ఉంది. రెండు రోజులూ ఓపిక పట్టింది. తుపానులు ఎదుర్కోగలదని నాకు అప్పుడే నమ్మకం కలిగింది.

మా పత్రికలవాళ్లం ప్రశ్నలడిగాం. పడవకు మైలేజీ ఎంతని ఒకాయన అడిగాడు. గాలికి నడుస్తుందని ఆమె చెబితే, సరే, గాలికి మైలేజీ ఎంతొస్తుందన్నాడు. ప్రభుత్వం సబ్సిడీ ఏమైనా ఇచ్చిందా, పెళ్లెందుకు చేసుకోలేదు, నిద్రపోయేటప్పుడు స్టీరింగు ఎవరు పట్టుకుంటారు అని మిగతావాళ్లు అడిగారు. ఆడపిల్లను తోడు లేకుండా పంపితే ఊరికి నామర్దా అని మాజీ సర్పంచి మైకులో బాధపడ్డాడు. తన బావమరిది ఒకడు ఖాళీగా ఉన్నాడని, తీసుకుపొమ్మని అన్నాడు. బావమరిది మొదటి వరసలోనే కూర్చొని ఉన్నాడు. అప్పటిదాకా కులాసాగా కాలూపుతున్నవాడు ఊపడం ఆపేశాడు.

ఆమె మైకు తీసుకుంది.

"నాతోపాటు ఎవరూ రాకూడదండీ, అదే దీని నియమం. బయల్దేరిన రేవుకే మళ్లీ చేరాలి. మధ్యలో నేల తొక్కకూడదు. ఇంకొకరు నా పడవ ఎక్కకూడదు. ఎవరి దగ్గరా ఏదీ తీసుకోకూడదు. అగ్గిపెట్టె తీసుకున్నా సరే, చేసిందంతా లెక్కలోకి రాదు."

"మరి దారిలో మనోళ్లు కనపడితే?" అన్నాడు మాజీ సర్పంచి.

"చెయ్యి ఊపుతాను."

అందరూ నవ్వారు. సభ అయ్యాక ఇంట్లో కాఫీ తాగుతూ ఆమె నాతో ఇంకో మాట చెప్పింది. ఇది ఒక్కసారే అయ్యే పనట. రెండోసారికి ఈ పడవా ఉండదు, ఈ ఒళ్లూ ఉండదు. గెలవాలని కాదు, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఒక్కసారి పూర్తిగా చుట్టి రావాలని. ఈ మాటలు చెప్పేటప్పుడు గొంతేమీ పెంచలేదు. నియమం ఒక్కటి మాత్రం సరిగ్గా రాయండి అంది. తప్పకుండా అన్నాను.

రాశాను కూడా. ఎక్కడ రాశాననేదే నా పాపం.

జిల్లా పేజీ వార్తకు ఒక ఒడుపుంటుంది. పైన ఆర్భాటం, మధ్యలో ఎవరేమన్నారో, చివర ఎవరెవరు పాల్గొన్నారో. స్థలం చాలకపోతే డెస్కులో ఉన్నవాళ్లు కిందినుంచి కోస్తారు. కానీ చివరి వాక్యంలోని పేర్లు మాత్రం కొయ్యరు. కోస్తే తెల్లారేసరికి పేరు పోయినవాడు ఆఫీసు ముందు నిలబడతాడు. కాబట్టి కత్తి పేర్లను వదిలేసి, వాటి పైనున్న పేరా మీద పడుతుంది. ముప్పై ఏళ్లుగా ఈ సంగతి తెలిసినవాణ్ని. తెలిసి కూడా నియమాన్ని తీసుకెళ్లి సరిగ్గా ఆ పేరాలోనే పెట్టాను. పైన పౌరుషానికీ మాజీ సర్పంచికీ చోటివ్వాలి గదా. ఆ సాయంత్రం ఎవరిదో పుట్టినరోజు శుభాకాంక్షల ప్రకటన వచ్చింది. నా వార్త నాలుగు అంగుళాలు తగ్గింది. తెల్లారి పేపర్లో పౌరుషం ఉంది, మైలేజీ ఉంది, పాల్గొన్న పద్నాలుగు మంది పేర్లూ ఉన్నాయి. అగ్గిపెట్టె లేదు.

చూసి ఒక్క నిమిషం ఇబ్బంది పడ్డాను. ఆ తర్వాత టీ వచ్చింది, తాగాను. నడిసముద్రంలో ఆమెకు అగ్గిపెట్టె ఇచ్చేదెవరులే అనుకున్నాను.

సెప్టెంబరులో పడమటి తీరంలోని ఒక రేవు నుంచి ఆమె బయల్దేరింది. దారి ఇదీ: కిందికి దిగి, ఆస్ట్రేలియా అడుగునుంచి తూర్పుకు తిరిగి, పసిఫిక్ దాటి, దక్షిణ అమెరికా కొసను చుట్టి, ఆఫ్రికా కిందినుంచి మళ్లీ ఇంటికి. రోజుకో వాక్యం ఉపగ్రహం ద్వారా వదినకు, అంటే ఆ పంతులమ్మకు పంపేది. ఎక్కడుందో, గాలెట్లా ఉందో, ఎన్ని మైళ్లు నడిచిందో, అంతే. పంతులమ్మ దాన్ని నాకు పంపేది. నేను దాన్ని చిన్న డబ్బా వార్తగా కట్టేవాణ్ని. జరిగేది ఏమీ లేదు. నీళ్లు, గాలి, మళ్లీ నీళ్లు. అయినా రోజూ రాయాలి. డెస్కుకు కథ కావాలి. షార్కులేమైనా కనపడ్డాయా అని రోజు మార్చి రోజు అడిగేవాళ్లు. కనపడలేదంటే నా నిర్లక్ష్యమేనన్నట్టు నిట్టూర్చేవాళ్లు.

పేటలో నేను టీ తాగే కొట్టు దగ్గర నెల తిరిగేసరికి అందరూ నావికులైపోయారు. పెసర కాయ కోతకు కూలీలు దొరకడం లేదని ఏడ్చే మనిషి, ఆమె ఇంకొంచెం ఎడమకు కొట్టాల్సిందని చెప్పేవాడు. లారీ యజమాని ఒకాయన, అంత చుట్టు తిరగడమెందుకు, మధ్యలో పనామా కాలవ ఉంది గదా, అడ్డంగా పోతే డీజిలు కలిసొస్తుందన్నాడు. డీజిలు కాదు, గాలి అన్నాను. గాలైనా కలిసిరావాలి గదా అన్నాడు. రాత్రిపూట ఒక్కతే ఎట్లా పడుకుంటుందనేది మాత్రం అందరి సందేహం. సందేహం వెలిబుచ్చేటప్పుడు గొంతుల్లో ఒక రకమైన జాలి ఉండేది. ఆ జాలి మీద నాకు నమ్మకం లేదు.

అక్టోబరు చివర్లో ఆమె వాక్యం కొంచెం పొడుగొచ్చింది. ఆస్ట్రేలియా నైరుతి కొసలో ఒక లైట్‌హౌస్ ఉంది, ఫలానా ఆదివారం ఉదయం దానికి దగ్గరగా పోతాను, ఇలాంటి ఒంటరి యాత్రల లెక్క చూసే నిర్వాహకుల మనిషి ఒడ్డునుంచి ఆనవాలుకు ఫొటో తీసుకుంటాడు అని. షార్కులు లేని కరువులో నాకిది పంట. కాలమ్ నిండా రాశాను. రోజు, వేళ, లైట్‌హౌస్, పక్కన మ్యాపు. ఆ మ్యాపులో బాణం గుర్తు నేనే పెట్టించాను.

ఆ పేపరు పెర్త్‌లో కూడా చదువుతారు, ఫోన్లో. అక్కడ ఆమెకు మేనత్త కొడుకు ఒకడున్నాడు, వరసకు బావ. ఇళ్లు కట్టించే పనిలో బాగా కుదురుకున్నాడు. ఊళ్లో ఏ కార్యం జరిగినా తన ఫొటోతో ఫ్లెక్సీ పంపే రకం. మరదలు తన వాకిట్లోనుంచి పోతుంటే ఊరుకుంటాడా? బాబాయికి ఫోన్ చేసి, అత్త చేత ఏదన్నా పెట్టించి పంపు మామా, నేను అందిస్తా అన్నాడు. అత్త అంటే ఆమె పిన్ని. ఆవిడ కిందటి సంవత్సరపు కొరివికారం, అంటే పండుమిరప పచ్చడి, ఒక డబ్బాలో గట్టిగా అదిమి, నూనె పోసి, మూత మీద గుడ్డ కట్టి ఇచ్చింది. కొరియర్లో పోయింది. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. తెలియకపోవడం నా అదృష్టమని చాలాకాలం అనుకోవడానికి ప్రయత్నించాను.

ఆ ఆదివారం నేను బాబాయి ఇంట్లోనే ఉన్నాను. కుటుంబం ఫొటో కావాలని డెస్కు అడిగింది. హాల్లో పాతికమంది. మాజీ సర్పంచి సోఫాలో. మధ్యాహ్నం వీడియో వచ్చింది. పంతులమ్మ దాన్ని టీవీకి కలిపింది.

చేపలు పట్టే మరపడవ ఒకటి అద్దెకు తీసుకున్నారు. పదకొండుమంది మనవాళ్లు. సగంమంది అంచు పట్టుకొని తలలు బయటికి వేసి కక్కుతున్నారు. మిగతావాళ్లు ఫ్లెక్సీ పట్టుకున్నారు. అక్కడ కూడా ఫ్లెక్సీ. బావ చేతిలో శాలువా, డబ్బా. కొంచెం అవతల అలల్లో ఆమె పడవ లేస్తూ పడుతూ ఉంది. మేం ఊళ్లో పొడుగు చెప్పుకున్న పడవ కాదది. చెరుకు పిప్పి ముక్కంత ఉంది. దానిమీద ఆమె. నడుముకు పట్టీ, మొహం నల్లగా పొట్టు రేగి ఉంది. రెండు చేతులూ పైకెత్తి అడ్డంగా ఊపుతోంది. గాలిలో మాట సగం వినపడుతోంది. దగ్గరికి రావొద్దు, వద్దు, వద్దు.

"ఏందే, మా దగ్గర కూడా మొగమాటమా?" అని బావ అరిచాడు. "కొరివికారమే. అత్త పంపింది."

వద్దు బావా అంది. అది స్పష్టంగా వినపడింది.

ఇక్కడ మా వైపు సంగతి ఒకటి చెప్పాలి. పంక్తిలో కూర్చున్నవాడు వద్దంటే మాకు దాని అర్థం ఇంకో గరిటె. చెయ్యి అడ్డం పెడితే రెండు గరిటెలు. విస్తరి మీద బోర్లా పడుకుంటేనే నిజంగా వద్దు. మొదటిసారికే సరే అనేవాణ్ని మర్యాద తెలియనివాడంటాం, మొదటిసారికే మానుకున్నవాణ్ని పిసినారి అంటాం. ఆమె మూడుసార్లు వద్దంది. మూడుసార్లు వద్దన్న మరదలు చాలా మర్యాదస్తురాలని బావ అనుకున్నాడు. మరపడవను ఇంకా దగ్గరికి పోనిచ్చి, చెయ్యి వెనక్కి తిప్పి డబ్బా విసిరాడు. ఇసుకా ఇటుకా విసిరిన చెయ్యి, గురి తప్పలేదు. డబ్బా పోయి ఆమె కాళ్ల దగ్గర పడింది. అక్కడ అందరూ కేకలు వేశారు. వీడియో అయిపోయింది.

హాల్లో చప్పట్లు. మాజీ సర్పంచి లేచి నిలబడి మరీ కొట్టాడు. బాబాయి కళ్లు తుడుచుకున్నాడు. పంతులమ్మ ఒక్కతే కొట్టలేదు. నా వైపు చూసింది. నియమం ఆ హాల్లో ఆమెకు, నాకు మాత్రమే గుర్తుంది. సభలో విన్నవాళ్లు కూడా ఉన్నారుగానీ, నవ్వు వచ్చేలా చెప్పిన మాట కాబట్టి నవ్వి మరిచిపోయారు.

"సార్, పేపర్లో రాశారు గదా, వాళ్లు చదవలేదా?" అని పక్కకు పిలిచి అడిగింది.

రాశానని, పడలేదని చెప్పాను. ఎందుకు పడలేదని అడిగింది. ప్రకటన అన్నాను. బడి గోడతో సంపాదించిన పరపతి అక్కడితో సరి.

మర్నాడు మా పేజీలో పెద్ద వార్త. నేను రాయలేదు. గురజాల కంట్రిబ్యూటరు వాట్సాప్‌లో చూసి రాశాడు. సాగర గర్భాన పల్నాటి రుచి అని శీర్షిక. పుట్టింటి పచ్చడిని ఆమె కన్నీళ్లతో అందుకుందని రాశాడు. గర్భానికీ ఉపరితలానికీ తేడా తెలియకపోవడం క్షమించవచ్చు. కన్నీళ్లు ఎక్కడివయ్యా అంటే, బావ పెట్టిన పోస్టులో ఉన్నాయన్నాడు. సవరణ వెయ్యమని డెస్కుకు ఫోన్ చేశాను. మంచి వార్త గదండీ, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు గదా అన్నారు. అభ్యంతరం చెప్పాల్సిన మనిషి అప్పటికి ఒడ్డుకు చానా దూరంలో ఉంది.

ఆ సాయంత్రమే ఆమె వాక్యం వచ్చింది. ఈసారి నాలుగు వాక్యాలు. డబ్బా పడవలో పడింది. చెయ్యి తగలనివ్వలేదు, కొక్కెం కర్రతో ఎత్తి వాళ్ల వైపే వెనక్కి వేశాను. ఉన్నది ఉన్నట్టు నిర్వాహకులకు నేనే చెప్పాను. పిన్నికి చెప్పొద్దు.

వెనక్కి వేసిన ముక్క బావ వీడియోలో లేదు. అక్కడికి కోసేశాడు. అతనికీ మా డెస్కుకూ చుట్టరికం ఉందేమోనని అనుమానం వచ్చింది.

రెండు రోజులకు నిర్వాహకుల కబురు. ఆమె మాట నమ్ముతున్నారట. కానీ బయట తిరుగుతున్న వీడియో, పేపరు వార్త వేరేలా ఉన్నాయి కాబట్టి, విసిరిన మనిషి వాంగ్మూలం రాతపూర్వకంగా కావాలన్నారు. ఆమె కాదన్నదా లేదా, వస్తువు పడవలో ఉందా వెనక్కొచ్చిందా. వారంలోపు రావాలి. రాకపోతే అది బయటి సాయం కిందికే వస్తుంది. ఆమె పడవ నడుపుకోవచ్చు, ప్రపంచం చుట్టుకోవచ్చు, కానీ ఎవరి చెయ్యీ పట్టకుండా చుట్టిన లెక్కలో మాత్రం ఉండదు. ఇరవై ఏళ్ల ఆలోచన, మూడేళ్ల చాకిరీ, నెలన్నర సముద్రం, అన్నీ వచ్చి ఒక్క మేనత్త కొడుకు సంతకం మీద ఆగాయి.

బావ సంతకం పెట్టనన్నాడు. పెట్టనని కాదు, అట్లా రాస్తే బాగుండదన్నాడు. అప్పటికే పెర్త్‌లో అతనికి చిన్న సన్మానం జరిగింది. కన్నీళ్లతో అందుకుందని మైకులో చెప్పి, మూడువందల మంది చేత చప్పట్లు కొట్టించుకున్నాడు. ఇప్పుడు వద్దంటే విసిరానని ఏ మొహంతో రాస్తాడు? ఆరో రోజున బాబాయి ఇంట్లో పంచాయితీ పెట్టారు. ఫోను బల్ల మీద, స్పీకర్లో బావ. చుట్టూ ఏడెనిమిదిమంది పెద్దలు. నన్ను రాతకోతల మనిషినని పిలిచారు.

రాతకోతల మనిషిగా నేను గమనించినదేమంటే, ఆ గదిలో ఒక్కరికీ జరిగినదాని మీద అభిప్రాయభేదం లేదు. జరిగినదాన్ని ఎట్లా మింగాలన్నదే గొడవ. కాదన్నది అనే మాట రావడానికి వీల్లేదని మాజీ సర్పంచి పట్టుబట్టాడు. "మన పచ్చడి మన పిల్లే వద్దన్నదని తెల్లోళ్లకు మనమే రాసిద్దామా? పరువు యాడ పెట్టుకుంటాం?" అన్నాడు. ఒకాయన సున్నితంగా నిరాకరించింది అందామన్నాడు. ఇంకొకాయన చేతులు జోడించి అని కలపమన్నాడు. మరొకాయన, తిరిగొచ్చాక తప్పక తీసుకుంటానని చెప్పింది అంటే రెండువైపులా బాగుంటుందన్నాడు. విసిరాను అనే మాట బావకు పడలేదు. సమర్పించాను అన్నాడు. వెనక్కి వేసింది అనే మాట ఎవరికీ పడలేదు. ప్రసాదంగా కళ్లకద్దుకొని తిరిగిచ్చింది అని రాయించారు. గంటన్నరకు ఉత్తరం రెండు పేజీలైంది. పంతులమ్మ దాన్ని చదివి, ఇది పంపితే ఆమె తీసుకున్నట్టే అవుతుంది అంది. కోడలివి నీకేం తెలుసమ్మా అని ఎవరో అన్నారు. ఇంగ్లీషులోకి మార్చి పెట్టేది ఆ కోడలే.

నేనూ ఏదో అనబోయాను. నా మాటకు అక్కడ బరువెంతో నాకే తెలుసు కాబట్టి మెల్లగా అన్నాను. ఎవరూ వినలేదు.

అందరూ గొంతు తగ్గించి మాట్లాడుతున్నారని అప్పుడు గమనించాను. వంటింట్లో పిన్ని ఉంది. తన చేతి పచ్చడి వెనక్కి వచ్చిందని తెలిస్తే ఆవిడ తట్టుకోలేదని ఊరంతా కలిసి వారంగా కాపాడుకొస్తున్నారు. పెద్దలు ఇంత శ్రమ పడుతున్నది చాలావరకు ఆవిడ మనసు కోసమేనట. ఆవిడను మాత్రం ఎవరూ అడగలేదు.

ఆవిడే వచ్చింది. చేతులకు శనగపిండి. గుమ్మంలో నిలబడి, ఇంతసేపూ ఏం రాస్తున్నారని నన్నడిగింది. ఏమీ లేదులే అని బాబాయి అన్నాడు. ఆవిడ నన్నే చూస్తూ నిలబడింది. ముప్పై ఏళ్లలో నేను చాలామంది ముందు మాట మార్చాను. ఆవిడ ముందు కుదరలేదు. నియమం చెప్పాను. డబ్బా వెనక్కి వేసిందని చెప్పాను. నియమం పేపర్లో రాకపోవడం నా తప్పని కూడా చెప్పాను. ఆవిడ ఆ చివరి ముక్క పట్టించుకోలేదు.

"అది తీసుకుంటే ఆ పిల్ల చేసిందంతా పోయిద్దా?"

"పోతుందమ్మా."

"మరి వెనక్కేసింది గదా. ఇంకేంది?"

వేసిందని అబ్బాయి రాసివ్వాలి, రాయడం లేదని చెప్పాను. ఆవిడ వచ్చి బల్ల పక్కన నిలబడింది. పిండి చేతులు ఫోనుకు తగలకుండా వెనక్కి పెట్టుకొని, దాని మీదికి వంగింది.

"ఒరేయ్, ఉన్నావా?"

"ఉన్నా అత్తా."

"వద్దన్నదా లేదా?"

"మర్యాదకి అన్నదనుకున్నా అత్తా."

"ఎన్నిసార్లు అన్నది?"

"మూడుసార్లు."

"అయితే రాయి. మూడుసార్లు వద్దన్నది. నేను వినకుండా విసిరాను. వెనక్కేసింది. అంతే గదరా జరిగింది?"

"అట్టా రాస్తే నేనే ఎదవలాగా కనపడతా గదా అత్తా."

"కనపడితే ఏమయిద్దిరా? నువ్వు ఇంట్లో ఉన్నావు. అది నీళ్ల మీద ఉంది."

మాజీ సర్పంచి గొంతు సవరించుకొని, అది కాదక్కా, పచ్చడి మాట వచ్చేసరికి నీ చెయ్యి గురించి రేపు నలుగురూ అని మొదలుపెట్టాడు. ఆవిడ అతని వైపు తిరిగింది. పచ్చడి నాది, నీదెప్పుడయింది అని అడిగింది. కోపంగా కూడా కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది. ఆయన కండువా సర్దుకున్నాడు. నేను ఆయన్ను పాతికేళ్లుగా ఎరుగుదును. జవాబు లేకుండా చూడటం అదే మొదటిసారి. దాన్ని పేపర్లో వెయ్యలేకపోవడం నా వృత్తి జీవితంలో ఉన్న కొద్ది విచారాల్లో ఒకటి.

రెండు పేజీలూ బల్ల మీదే ఉండిపోయాయి. పంతులమ్మ అక్కడికక్కడ మూడు వాక్యాలు ఇంగ్లీషులో కొట్టి బావకు పంపింది. అతను గంటసేపు ఫోనెత్తలేదు. ఆ గంటా పెద్దలు పత్తి ధర గురించి మాట్లాడుకున్నారు. పిన్ని బజ్జీలు వేసి పెట్టింది. వద్దన్నవాడికి పెట్టలేదు. ఒక్కసారే అడిగింది, వద్దంటే సరే అని పళ్లెం పక్కకు తిప్పింది. మాజీ సర్పంచి మర్యాదకు వద్దని, ఆ తర్వాత పళ్లెం పోయిన దిక్కు చూస్తూ కూర్చున్నాడు. చివరికి ఫోను మోగింది. సంతకం పెట్టి పంపానని బావ చెప్పాడు. వీడియోలో కోసేసిన ముక్క కూడా పంపానన్నాడు. ఎవరూ మెచ్చుకోలేదు. అతనూ ఎదురుచూడలేదు, పెట్టేశాడు.

తర్వాత నాకు విడిగా ఫోన్ చేసి, మీరంతా కలిసి నన్ను ఎదవని చేశారన్నా అన్నాడు. మూడు వాక్యాల్లో మా పేర్లెక్కడా లేవన్నాను.

నిర్వాహకుల తీర్పు నాలుగు రోజులకు వచ్చింది. వస్తువు విసిరారు, ఆమె స్వీకరించలేదు, యాత్ర చెల్లుతుంది. ఈసారి వార్త నేనే రాశాను, ఐదు వాక్యాలు. మొదటి వాక్యంలోనే నియమం. డెస్కు దాన్ని మూడో పేజీలో వేసింది. ఊళ్లో ఆమెకు పొగరని ఒక మాట పుట్టి అప్పటికే పక్క ఊరు దాటింది. సన్మానాలప్పుడు ఊళ్లో కట్టిన రెండు ఫ్లెక్సీల్లో ఒకటి తీసేశారు. రెండోది ఎదుటివర్గం వాళ్లది కాబట్టి ఉంచారు.

తీర్పు వచ్చిన రోజు నేను బాబాయి ఇంటికి వెళ్లాను. పని లేదు, ఊరికే వెళ్లాను. పంతులమ్మ అప్పుడే వచ్చిన వాక్యం చదువుతోంది. పడమటి గాలి బలంగా ఉంది, నూట నలభై మైళ్లు, చలి మొదలైంది. పిన్ని గుమ్మం మీద కూర్చొని వింటోంది. పచ్చడి సంగతి ఏమన్నా రాసిందా అని అడిగింది. ఏమీ రాయలేదత్తయ్యా అని కోడలు చెప్పింది.

"రాయదు," అంది పిన్ని. "ఇప్పుడు యాడుంది?"

పంతులమ్మ ఫోనులో మ్యాపు పెద్దది చేసి చూపించింది. ఆస్ట్రేలియా వెనకబడింది. ముందు నీలం రంగు తప్ప ఏమీ లేదు, ఊరూ లేదు, దీవీ లేదు. పిన్ని చాలాసేపు చూసింది. అక్కడ మనోళ్లెవరూ లేరా అని అడిగింది. ఎవరూ లేరని చెబితే, మంచిదేలే అని లేచి లోపలికి వెళ్లింది.